లొరైన్ వెలిగించిన ఎర్ర ఇంటూ

లొరైన్ హర్స్ట్ ఏం ఉద్యోగం చేస్తుందో వాళ్ళ వీధిలో అందరికీ తెలుసు. తెలుసు కాబట్టే ఆమె శనివారం పూట రొట్టెల కొట్టుకి వెళ్ళడం మానుకుంది. వెళ్తే క్యూలో ఎవరో ఒకరు పట్టుకోక మానరు.

"ఏం లొరైన్, నిన్న రోడ్డు మీద మీ బోర్డు నలభై మైళ్ళ వేగం దాటొద్దంది. బుద్ధిగా దాటలేదు. తీరా చూస్తే ముందర ఈగ కూడా లేదు. మా అత్తగారింటికి చేరేసరికి ఆవిడ వండిన మాంసం చల్లారి చెక్కయిపోయింది. ఆవిడ మొహం నువ్వొచ్చి చూస్తావా?"

మిగతావాళ్ళు నవ్వుతారు. లొరైన్ కూడా వాళ్ళతోపాటు నవ్వేసి, రొట్టె చంకన పెట్టుకుని బయటపడుతుంది. వీధి మలుపు తిరిగాక ఒళ్ళు మండుతుంది. అప్పుడు గుర్తొస్తాయి చెప్పాల్సిన జవాబులన్నీ.

మోటార్‌వే అనే పెద్ద రోడ్డు మీద అడ్డంగా కట్టిన కమానులకి వెలిగే బోర్డులు ఉంటాయి కదా. పొగమంచు ఉంది, నెమ్మదిగా వెళ్ళండి, ముందు బండ్లు నిలిచిపోయాయి, అని చెబుతుంటాయి. అవి వాటంతట అవి వెలుగుతాయని చాలామంది అనుకుంటారు. కొన్ని వెలుగుతాయి కూడా. మిగతావాటిని ఊరి చివర ఒక పెద్ద హాల్లో కూర్చుని లొరైన్ లాంటివాళ్ళు వెలిగిస్తారు. హాలు గోడ నిండా తెరలు, ఒక్కొక్కరి ముందు మళ్ళీ తెరలు. యార్క్‌షైర్ వైపునుంచి పెన్నైన్ కొండలెక్కి అవతలికి దిగే రోడ్డులో, కొండెక్కే ముక్క లొరైన్‌ది. ఆ ముక్కలో ఏ కెమెరా గాలికి ఊగుతుందో, ఏ మలుపులో సాయంత్రం ఎండ డ్రైవర్ల కళ్ళలో కొడుతుందో ఆమెకి కంఠతా వచ్చు.

అంతకుముందు ఆమె హాలిఫాక్స్ బస్టాండులో మైకు ముందు కూర్చునేది. ఫలానా బస్సు ఫలానా చోట ఆగుతుంది అని చిలక్కి చెప్పినట్టు చెప్పేది. చెప్పిన మరుక్షణం ఎవరో ఒకరు కిటికీ దగ్గరికొచ్చి, "ఫలానా బస్సు ఎక్కడ ఆగుతుందమ్మా?" అని అడిగేవారు. ఆ ఉద్యోగం పోయి ఇందులో చేరినప్పుడు లొరైన్ సంతోషపడింది. నోటితో చెబితే వినని జనం, రాసి పెడితే చదవకపోతారా అనుకుంది. పాపం, అమాయకురాలు.

ఆమె మొగుడు కీత్ బాయిలర్లు బాగుచేస్తాడు. మంచివాడే గానీ నోటికి తాళం లేదు. సాయంత్రం టీ కప్పు పట్టుకుని కుర్చీలో కూలబడి, "ఇవాళ ఎంతమందికి అబద్ధం చెప్పొచ్చావ్?" అంటాడు. మొదట్లో అది హాస్యమే. ఏళ్ళు గడిచేకొద్దీ లొరైన్‌కి అందులో హాస్యం కనబడటం మానేసింది.

"నేను ఒక్కటంటే ఒక్క అబద్ధం వెలిగించలేదు కీత్. వెలిగించినప్పుడు అక్కడ బండ్లు నిలిచే ఉన్నాయి. మీరంతా నెమ్మదిగా వెళ్ళబట్టే విడిపోయాయి. మీరొచ్చేసరికి ఏమీ లేకపోతే ఏడవాలా, సంతోషించాలా?"

"సరేలే తల్లీ, నన్నెందుకు కరుస్తావ్? జనం అనేదే నేనంటున్నా."

జనం అనేది అదే మరి. ఒకసారి నవంబరులో కొండమీద మంచు ఉన్నట్టుండి కమ్మేస్తే, లొరైన్ కమాను తర్వాత కమాను నలభై, ముప్ఫై వెలిగించుకుంటూ పోయింది. వందల బండ్లు ఒకదాని తోక ఒకటి పట్టుకుని పాక్కుంటూ ఎక్కాయి, ఎవరికీ గోరంత దెబ్బ తగల్లేదు. ఆ సాయంత్రం ఆమె ఇంటికెళ్ళి సంతోషంతో ఏడ్చింది. మర్నాడు రొట్టెల కొట్టులో మాత్రం ఆ కాస్త మంచుకి ప్రయాణం అంతసేపు పట్టిందేమిటని తిట్టారు. జరగని ప్రమాదం గురించి ఎవరు కృతజ్ఞతలు చెబుతారు?

ఇక ఎర్ర ఇంటూ సంగతి. ఆ రోడ్డుకి ఒకప్పుడు ఎడమ అంచున బండి చెడిపోతే ఆపుకోవడానికి చోటు ఉండేది. బండ్లు పెరిగాయని, ఆ చోటుని కూడా ఒక లేన్ చేసేశారు. ఇప్పుడు బండి చచ్చిపోతే లేన్‌లోనే చావాలి. అప్పుడు లొరైన్ ఆ లేన్ నెత్తిన ఎర్రటి ఇంటూ గుర్తు వెలిగిస్తుంది. దాని కిందనుంచి పోకూడదు, ఆ దారి సాయానికొచ్చే బండ్లకి వదిలెయ్యాలి. పోతే జరిమానా ఉంది. కానీ కొండెక్కే ముక్కలో జరిమానా కెమెరాలు ఇంకా బిగించలేదు. బిగిస్తాం, బిగిస్తాం అంటూనే ఉన్నారు.

ఆ హాల్లో ఇంకో పద్ధతి ఉంది. ఇంటూ వెలిగించడానికి ఒక వేలు చాలు. ఆర్పాలంటే మాత్రం గస్తీ బండివాళ్ళు వెళ్ళి, కళ్ళారా చూసి, "ఖాళీ" అని చెప్పాలి. ఆర్పేశాక ఏదైనా జరిగితే మెడకు చుట్టుకుంటుందని ఎవరికీ ఆర్పే ధైర్యం రాదు. అందుకని ఎప్పుడూ ఒకటీ అరా ఊరికే వెలుగుతూనే ఉంటాయి.

ఆగస్టు చివరి సోమవారం సెలవు. దానికి ముందు శుక్రవారం, తెల్లగా ఎండ కాస్తున్న రోజు. ఊళ్ళకి ఊళ్ళు సముద్రానికి బయల్దేరాయి. పొద్దున ఎవరో ఫోను చేసి, ఎడమ అంచునున్న మొదటి లేన్‌లో నిచ్చెన పడి ఉందన్నారు. ఏ వంతెన దగ్గరో చెప్పకుండానే పెట్టేశారు. లొరైన్ ఆ పొడుగునా ఇంటూలు వెలిగించింది. గస్తీవాళ్ళు వెళ్ళి చూస్తే నిచ్చెన లేదు. మళ్ళీ వెతికారు, లేదు. లేదంటే ఇంకెక్కడో ఉందని అర్థం కదా. మరోసారి కింద నుంచి మొదలెట్టారు.

"ఇయన్, తీసేద్దామా?" అని లొరైన్ తన పై అధికారిని అడిగింది. ఇయన్ బూత్రాయిడ్ సౌమ్యుడు, దేనికైనా ముందు గడ్డం గోక్కుంటాడు.

"ఉంచు లొరైన్. తీసేశాక దాని మీంచి ఏ మోటార్‌సైకిలో పోయిందనుకో?"

"అక్కడ ఏమీ లేదు ఇయన్. నాకు కనబడుతోంది."

"కనబడటం వేరు, ఖాళీ అని వాళ్ళు చెప్పడం వేరు."

తర్వాత కెమెరా రికార్డింగు వెనక్కి తిప్పి చూస్తే తేలింది. కిటికీలు తుడిచేవాడొకడు బండి ఆపి, ఆ నిచ్చెన ఎంచక్కా తన వ్యాన్ మీద కట్టుకుపోయాడు. లొరైన్ ఇంటూ వెలిగించక ముందే పోయాడు కూడా. అప్పటికి మధ్యాహ్నం కావొస్తోంది. పొద్దుటినుంచీ ఖాళీ లేన్ నెత్తిన ఇంటూలు వెలుగుతూనే ఉన్నాయి. మొదట అందరూ బుద్ధిగా పక్కకి తప్పుకుని క్యూ కట్టారు. కాసేపటికి ఒకడు దూరాడు. వాడికేం కాలేదు. వాడి వెనక పదిమంది దూరారు. స్థానిక రేడియోలో పాటల మధ్య వాగే కుర్రాడు కూడా అందుకున్నాడు. "కొండమీద ఇంటూల కింద పొమ్మని నేను చెప్పను గానీ, పోయినవాళ్ళంతా ఈపాటికి ఐస్‌క్రీం తింటున్నారట" అన్నాడు. ఆ మాట హాల్లో వినబడి లొరైన్ పళ్ళు కొరికింది.

ఇంటూలు ఆర్పేసి, చీజ్ ముక్క పెట్టుకున్న సాండ్‌విచ్ విప్పిందో లేదో, అత్యవసర నంబరు వాళ్ళు ఆమెకి ఒక ఫోను కలిపారు.

"హలో, రోడ్డు వాళ్ళేనా అమ్మా? నా పేరు నార్మన్ హెప్‌వర్త్. కారు చచ్చిపోయింది. దగ్గలేదు, తుమ్మలేదు, టక్కున పోయింది. లైట్లు కూడా వెలగట్లేదు."

"ఎక్కడున్నారండీ?"

"కొండెక్కుతున్నాం తల్లీ. ఎడం పక్క గొర్రెలున్నాయి."

"కొండంతా గొర్రెలేనండీ."

"ఇవి మొహం నల్లగా ఉన్నవి."

"అన్నిటికీ నల్లగానే ఉంటుంది హెప్‌వర్త్ గారూ," అంటూనే లొరైన్ కెమెరాలు తిప్పుతోంది. దొరికింది. పెద్ద వంపు తిరగ్గానే, మొదటి లేన్‌లో, చిన్న ఆకుపచ్చ కారు. వెనకనుంచి వచ్చేవాళ్ళకి వంపు తిరిగేదాకా కనబడని చోటు. వెనక మినుకుమనే లైట్లు కూడా లేవు. కదులుతోందో ఆగిందో దగ్గరికొస్తే గానీ తెలియదు.

ఆమె వేళ్ళు పనిచేసుకుపోయాయి. మొదటి లేన్ మీద ఎర్ర ఇంటూలు. మిగతా లేన్ల మీద నలభై. పక్కనున్న పెద్ద బోర్డు మీద "వాహనం నిలిచిపోయింది" అన్న మాటలు. అన్నీ వెలిగినట్టు తెర మీద కనబడింది. ఇయన్ గస్తీ బండిని కదిలించాడు.

"హెప్‌వర్త్ గారూ, మీతో ఇంకెవరున్నారు?"

"మా ఆవిడ. మ్యూరియల్."

"ఇద్దరూ ఎడమ తలుపు తీసుకుని దిగండి. ఇనప కంచె దాటి గట్టు మీదకి వెళ్ళిపోండి. ఇప్పుడే."

"దిగలేదమ్మా. పోయినేడు పక్షవాతం వచ్చింది. కుడి పక్కంతా పడిపోయింది. చక్రాల కుర్చీ డిక్కీలో ఉంది. కారెక్కించడానికి ఇంటి దగ్గర పక్కింటి వాళ్ళిద్దరు సాయం పట్టారు. నావల్ల కాదు, నాదొక అరిగిపోయిన మోకాలు."

"అయితే మీరైనా దిగి కంచె దాటండి." ఆమె చెప్పవలసిన మాట అదే.

"తల్లీ, పెళ్ళై యాభై ఏళ్ళు దాటింది. ఇప్పుడు దాన్ని కార్లో వదిలేసి కంచె అవతల నించుని చూడమంటావా?"

"సరే, బెల్టులు పెట్టుకునే ఉండండి. మీ వెనక లేన్ మూసేశాను. ఎర్ర ఇంటూ వెలుగుతోంది. మీ వెనక ఎవరూ రారు."

ఆ మాట ఇంకా నోట్లో ఉండగానే, తెరమీద ఒక నల్ల కారు ఇంటూ కిందనుంచి దూసుకొచ్చింది. వంపు తిరిగి, ఆకుపచ్చ కారుని చూసి, చివరి క్షణంలో పక్కకి కోసుకుపోయింది.

"అమ్మాయ్, ఇప్పుడే ఒకడు మా అద్దం తుడిచేసి పోయాడు," అన్నాడు నార్మన్.

"చూశానండీ."

"ఎవరూ రారన్నావు?"

లొరైన్ ఇంటూలన్నీ వెలుగుతున్నాయో లేదో మళ్ళీ చూసుకుంది. నార్మన్ పొడిగా నవ్వాడు. "నిన్ననుకుని ఏం లాభంలే. నిజం చెప్పనా, నేనూ వాటిని పట్టించుకోను. ఎప్పుడు చూసినా ముందర ఏమీ ఉండదు. ఇవాళ ఉన్నది నేనే అయిపోయాను, ఖర్మ."

కింద జంక్షన్ దగ్గర సముద్రానికి పోయే బండ్లన్నీ కిక్కిరిసి నిలబడ్డాయి. ఆ ఇరుకులోంచి బయటపడ్డ ప్రతివాడికీ ఎడమ పక్క ఖాళీ లేన్ కనబడుతోంది. నెత్తిన ఇంటూ కూడా కనబడుతోంది. అయినా ఒక్కొక్కడూ దూరి, ఉన్న వేగమంతా తీస్తున్నాడు. కొందరు మంచివాళ్ళు దూరకుండా క్యూలోనే ఉండి, దూరేవాళ్ళ మీద హారన్లు మోగిస్తున్నారు.

గస్తీ బండిలోంచి డోనా గొంతు రేడియోలో వచ్చింది. "లొరైన్, నువ్వు మూసిన లేన్‌లోనే ఇరుక్కున్నాం. నా ముందు కార్లు. పక్కకి తప్పుకుందామన్నా వాళ్ళకి సందు లేదు. మా కోసం మూసిన లేన్‌లో మేం తప్ప అందరూ ఉన్నారు."

"డోనా, లోపల కదల్లేని మనిషి ఉంది."

"విన్నాను. ఎగిరి రాలేను కదా."

లొరైన్ కుర్చీ తిప్పింది. "ఇయన్, వాహనం నిలిచిపోయింది అంటే ఎవడికీ చీమ కుట్టినట్టయినా లేదు. లోపల మనుషులున్నారు అని పెడదాం. నడవలేని ముసలావిడ ఉంది అని పెడదాం. అది చదివితే ఆగరా?"

ఇయన్ గడ్డం మీదకి చెయ్యి పోయింది. బోర్డుల మీద ఏం వెలగాలో అంతా పైవాళ్ళు ముందే ఖాయం చేసిన మాటలు. వాటిలోంచి ఏరుకోవాలే గానీ, సొంత మాట ఒక్కటి చేర్చడానికి వీల్లేదు. ఆ జాబితాలో లొరైన్ అడిగిన మాట లేదు. కొత్తమాట కావాలంటే ఎవరెవరో ఒప్పుకోవాలి.

"లేదు లొరైన్. నాక్కూడా దారి లేదు. ఉంటే ఈపాటికి పెట్టేవాణ్ణి," అన్నాడు అతను. మొహం పాలిపోయింది. అతని మీద కోపం కూడా రాలేదు ఆమెకి.

ఇంకో కారు. ఆ వెనక ఒక టాక్సీ. ఆ వెనక పడవని లాక్కెళ్తున్న పెద్ద బండి. వచ్చిన ప్రతిదీ వంపు తిరిగేదాకా లొరైన్ ఊపిరి బిగపట్టేది. తప్పుకున్నాక వదిలేది. మళ్ళీ ఇంకొకటి. చేతిలో ఇన్ని మీటలున్నాయి. నొక్కాల్సినవన్నీ నొక్కేసింది. నొక్కడానికి ఇంకేమీ మిగల్లేదు.

"అమ్మాయ్, నేను వెళ్ళి చెయ్యి ఊపుతా," అన్నాడు నార్మన్.

"వద్దు!"

హాల్లో అందరూ తిరిగి చూశారు.

"వద్దు హెప్‌వర్త్ గారూ, నా మాట వినండి, దయచేసి వినండి. రోడ్డు మీదకి వెళ్ళొద్దు. మావాళ్ళు వస్తున్నారు."

"ఎప్పుడొస్తారు?"

ఆమెకి తెలియదు. డోనా బండి ఎక్కడిదాకా వచ్చిందో చూసేలోపే అతను అన్నాడు, "వంపుకి అవతలే ఎవరైనా ఉండి చెప్పాలి తల్లీ. కారుని చూశాక తప్పుకోడానికి టైం ఉండదు వాళ్ళకి. మ్యూరియల్, ఇదిగో ఫోను పట్టుకో. ఈ అమ్మాయితో కబుర్లు చెప్పు."

తెరమీద తలుపు తెరుచుకుంది. సన్నటి పొడుగాటి ముసలాయన, పొట్టి చేతుల చొక్కా. వెనక సీట్లోంచి ఎర్ర గళ్ళ దుప్పటి ఒకటి లాగాడు. కంచెని ఆనుకుని, ఒక కాలు ఈడుస్తూ, వస్తున్న బండ్లకి ఎదురు నడిచాడు. వంపు దాటాడు. లొరైన్ రెండో కెమెరా తిప్పింది. అక్కడ నిలబడి, దుప్పటి రెండు చేతులతో పట్టుకుని ఊపడం మొదలెట్టాడు.

ఒక కారు ఇంటూ కిందనుంచి వచ్చింది. ముసలాయన్ని చూసింది. బ్రేకు వేసి, పక్క లేన్‌లోకి దూరింది. ఆ వెనకది కూడా. ఆ వెనక వచ్చిన లారీ కూడా. ఇయన్ ఆమె భుజం మీదుగా వంగి చూస్తూ, "పనిచేస్తోందే," అన్నాడు. లొరైన్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. కోట్లు పోసి కట్టిన కమానులకి లొంగనివాళ్ళు దుప్పటికి లొంగుతున్నారు!

"హలో," అంది ఫోనులో ఒక గొంతు. మాటలు నెమ్మదిగా, ఒక్కొక్కటీ కూడబలుక్కుని వస్తున్నాయి. "ఎవరు నువ్వు?"

"నా పేరు లొరైన్ అమ్మా. రోడ్డు ఆఫీసు నుంచి."

"ఆయన... ఎక్కడున్నాడు? నాకు మెడ తిరగదు."

"వెనకాల ఉన్నారమ్మా. కంచె పక్కన నిలబడి దుప్పటి ఊపుతున్నారు."

"ఏ దుప్పటి?"

"ఎర్ర గళ్ళది."

"అయ్యో, నా ఒళ్ళో వేసుకునేది అది. మాసిపోతుంది," అని మ్యూరియల్ కాసేపు ఆయాసపడింది. "సముద్రం చూద్దామని నేనే అన్నాను. ఏడాదైంది గడప దాటి. వేడివేడి చేపలూ చిప్సూ తినాలనిపించింది. నోరు ఊరుకోదు కదా. నా మూలాన వచ్చాడు పాపం."

"వెళ్దురుగానీ అమ్మా. ఇవాళ కాకపోతే రేపు."

"నీకు కనబడుతున్నాడా?"

"ఆ. తెరమీద కనబడుతున్నారు."

"ఎలా ఉన్నాడు?"

ఎన్నో ఏళ్ళుగా ముందు ఏముందో జనానికి చెప్పడమే లొరైన్ పని. వెనక ఏముందో ఇలా ఒక్క మనిషికి చెప్పవలసి రావడం ఇదే మొదలు. "బాగున్నారమ్మా. అందరూ ఆయన్ని చూసి తప్పుకుంటున్నారు. దర్జాగా ఊపుతున్నారు."

"ఊపుతాడు, ఊపుతాడు. మంకుపట్టు మనిషి. మోకాలు అరిగిపోయింది, ఎక్కువసేపు నిలబడొద్దన్నాడు డాక్టరు. నేను చెప్తే వింటాడా? పెళ్ళినాటినుంచీ ఇంతే. కాస్త కూర్చోమని చెప్పమ్మా."

"నా గొంతు ఆయనకి వినబడదమ్మా."

"మరి బోర్డు మీద పెట్టు. నీ దగ్గర పెద్ద పెద్ద బోర్డులున్నాయటగా. నార్మన్, కూర్చో, అని పెట్టు."

లొరైన్ కళ్ళు తుడుచుకుంది. "పెట్టడానికి వీల్లేదమ్మా. ఉంటే అదే పెట్టేదాన్ని."

డోనా మళ్ళీ పిలిచింది. ముందు కార్లు కాస్త కదులుతున్నాయట, ఇంకాసేపట్లో బయటపడతామంది. లొరైన్ గుండె కొంచెం కుదుటపడింది. ఇంకాసేపు. ఇంకాస్త నిలబడు పెద్దాయనా, అనుకుంది.

అప్పుడు తెల్ల వ్యాన్ వచ్చింది. ఇంటూ కిందనుంచే వచ్చింది, అందరిలాగే. దాన్ని నడిపేవాడు ఏం చూస్తున్నాడో, ఎటు చూస్తున్నాడో ఆ దేవుడికే తెలియాలి. చివర్లో నార్మన్‌ని చూసి పక్కకి కొయ్యబోయాడు. పక్క లేన్‌లో లారీ ఉంది. మళ్ళీ ఎడమకి లాగాడు. ఆ తెరలకి చప్పుడుండదు. దుప్పటి పైకెగిరి కంచె మీద పడింది. వ్యాన్ గిరుక్కున తిరిగి, లేన్‌కి అడ్డంగా ఆగిపోయింది.

లొరైన్ లేచి నిలబడింది. ఎప్పుడు లేచిందో ఆమెకి తెలియదు. ఇయన్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మరుక్షణం ఫోనందుకుని అంబులెన్సుకి చెబుతున్నాడు.

"ఏదో చప్పుడైంది," అంది మ్యూరియల్.

"ఒక వ్యాన్ ఆగిందమ్మా."

"ఎందుకు?"

"అడ్డంగా ఆగింది. ఇక మీ వెనక ఎవరూ రారు."

ఈసారి ఆ మాట నిజం. వ్యాన్ వెనక ఒక కారు ఆగింది, దాని వెనక ఇంకొకటి. మూసిన లేన్ ఇప్పుడు మూసుకుపోయింది. తలుపులు తెరుచుకుని జనం దిగి పరిగెత్తారు. ఇంతసేపూ ఇంటూ కింద దూరి వచ్చినవాళ్ళే. ఒకామె కంచె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, నార్మన్ ఛాతీ మీద రెండు చేతులూ ఆనించి నొక్కసాగింది. నొక్కింది, నొక్కింది. ఇంకొకడొచ్చి ఆమె చోట కూర్చున్నాడు. కాసేపటికి అతనూ ఆగిపోయాడు. లేచి, తన కోటు విప్పి, నార్మన్ మొహం మీద కప్పాడు. వ్యాన్ నడిపినవాడు గట్టు మీద తల పట్టుకుని కూర్చున్నాడు.

ఇటువంటి కబురు చెప్పడం ఈ హాలువాళ్ళ పని కాదు. పోలీసులు వెళ్ళి, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని చెప్పాలి. ఇయన్ ఆమె వైపు చూసి వద్దన్నట్టు తలూపాడు. అతను చెప్పకపోయినా ఆమె చెప్పగలిగేది కాదు. నడవలేని, మెడ తిరగని మనిషి ఆ కార్లో ఒంటరిగా ఉంది. డోనా ఇంకా రాలేదు.

"లొరైన్? ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"ఇంకా నిలబడే ఉన్నాడా?"

లొరైన్ తెరవైపు చూసింది. ఆ కోటువైపు చూసింది.

"లేదమ్మా," అంది. "కూర్చున్నారు. కంచె పక్కన కాస్త కూర్చున్నారు."

అవతల పెద్ద నిట్టూర్పు వినబడింది.

"హమ్మయ్య. చూశావా, నేను మొత్తుకుంటే వినడు. నువ్వు చెప్పినట్టున్నావు, విన్నాడు." మ్యూరియల్ గొంతు తేలికపడింది. "ఫోను పెట్టెయ్యకు తల్లీ. ఆయన వచ్చేదాకా మాట్లాడుతూ ఉండు."

"ఉంటానమ్మా," అంది లొరైన్.